సముద్రమునకు వెల కట్టవచ్చునా?



ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత యౌవనస్థుల కూటములో ఒక కుర్రవాడు నన్ను ఒక ప్రశ్న అడిగాడు. అతడు కళాశాలలో కామర్సు చదువుచున్నాడు. “మాస్టారూ, శాస్త్రజ్ఞులూ ఆర్థికవేత్తలూ కలిసి కూర్చుని సముద్రానికి వెల కడుతున్నారండి. చేపలకు కాదు, ఉప్పుకు కాదు, సముద్రానికే. మడ అడవి ఎకరానికి ఇంత, పగడపు దిబ్బకు ఇంత అని. ఇది మంచిదా, చెడ్డదా?” ప్రక్కనే కూర్చున్న ఒక పెద్దామె, “దేవుడిచ్చినదానికి మనమేం వెల కడతాం నాయనా” అన్నది. అందరూ తలలు ఊపారు. నేనును ఊపాను.

కాని ఇంటికి నడిచి వచ్చునప్పుడు నేను తల ఊపిన సంగతి నాకే నచ్చలేదు. ఎందుకనగా ముప్పై ఏండ్లకు పైబడిన క్రిందట నేను స్వయముగా సముద్రమునకు వెల కట్టినవాడను. సున్న అని కట్టాను. ఆ సంగతి చెప్పకుండా ఆ కుర్రవానికి జవాబు చెప్పుట న్యాయము కాదు గనుక ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

నేను పుట్టినది నెల్లూరు జిల్లాలో, కావలికి తూర్పున సముద్రపు ఒడ్డున ఒక చిన్న పల్లెలో. ఉపాధ్యాయ శిక్షణ పూర్తి చేసుకొని ఉద్యోగ నిమిత్తము ఇటు వచ్చి స్థిరపడినాను. మా తమ్ముడు అక్కడే ఉండి నాయనగారి రెండెకరాలు సాగు చేసుకొనేవాడు. మా ఊరికీ సముద్రానికీ మధ్య ఒక ఉప్పుటేరు, దాని గట్టున కొద్దిపాటి మడ చెట్లు, అవతల పట్టపుపాలెం ఉండేవి. 1992 వేసవి సెలవులకు వెళ్లినప్పుడు తమ్ముడు ఒక కాగితము నా చేతికి ఇచ్చాడు. రొయ్యల గుంటలు త్రవ్వుటకు బయటి నుండి వచ్చిన ఒక ఆసామి మా పొలము కౌలుకు అడుగుచున్నాడు. “అన్నా, నువ్వు చదువుకున్నోడివి. లెక్కేసి చెప్పు. ఇద్దామా, వద్దా?”

ఆ రాత్రి కరెంటు లేదు. లాంతరు దగ్గర కూర్చుని లెక్క వేశాను. ఒక ప్రక్క వరి: విత్తనము, ఎరువు, కూలి, గాలివాన వచ్చిన ఏడు కలిగే నష్టము. మరొక ప్రక్క కౌలు: వరి మీద మిగిలేదానికి మూడు రెట్లు, అదీ ముందుగా చేతికి. క్రింద రెండు గీతలు గీసి “ఇచ్చెయ్” అన్నాను. కూడికలోను తీసివేతలోను తప్పు లేదు. ఇప్పుడు మరల వేసినను అదే జవాబు వచ్చును.

అమ్మ మాత్రము వసారాలో పడుకొని అంతా వింటూ ఉండి, “బావి సంగతేమిట్రా?” అని అడిగింది. నాకు ఆమె మాట అర్థము కాలేదు. ఆ బావి మాది కాదు. పొలము గట్టు ప్రక్కనున్న ఊరి మంచినీళ్ల బావి అది. దానిని నా కాగితములో ఏ గడిలో వ్రాయవలెనో తెలియలేదు గనుక వ్రాయలేదు.

రెండేండ్లు డబ్బు వచ్చినది. ఉప్పుటేటి నీళ్లు పంపులతో గుంటలకు ఎక్కించారు. మడ చెట్లు పోయినవి. గుంటల మురుగు మరల ఏటిలోనికే వదిలారు. 1994-95లో మన కోస్తాలో రొయ్యలకు తెల్లమచ్చ తెగులు వచ్చిన సంగతి మీలో చాలామందికి జ్ఞాపకము ఉండును. ఆ దెబ్బతో ఆసామి వెళ్లిపోయాడు. గుంటలు మిగిలినవి, బావి ఉప్పగా మారినది. ఏటిలో పీతలు, నత్తలు ఏరుకొని అమ్ముకొనే పట్టపుపాలెం ఆడవారికి ఏరుకొనేందుకు ఏమీ లేకపోయినది. వరికోతకు వచ్చే మన మాలపల్లె, మాదిగపల్లె కూలీలకు కోయుటకు చేను లేదు. ఉప్పు నిలిచిన నేల మరల వరికి రాలేదు. తమ్ముడు భార్యాపిల్లలతో మేస్త్రీ పనికి చెన్నై పోయాడు. అమ్మ తన చివరి సంవత్సరములలో మంచినీళ్లకు మైలు దూరము నడిచినది. నా లెక్కను గురించి ఆమె ఎన్నడూ ఒక్క మాట అనలేదు. అనియుంటే బాగుండేది.

ఉపాధ్యాయులకు తెలిసిన ఒక చిన్న సంగతి చెబుతాను. మార్కుల రిజిస్టరులో పరీక్ష వ్రాసి ఏమీ రాని పిల్లవానికి సున్న వేస్తాము. పరీక్షకు రాని పిల్లవానికి సున్న వేయకూడదు, ‘హాజరు కాలేదు’ అని వ్రాయవలెను. రెండిటిలోను మొత్తము ఒక్కటే వచ్చును గాని, రెండును ఒకటి కావు. రానివానికి సున్న వేస్తే ఆ పిల్లవానికి అన్యాయము చేసినట్లే. నేను ఆ రాత్రి చేసినది అదే. బావి, మడ చెట్లు, ఏటిలోని పిల్లరొయ్యలు నా లెక్కకు హాజరు కాలేదు. నేను వాటికి సున్న వేశాను.

ఇప్పుడు ఆ కుర్రవాని ప్రశ్నకు వస్తాను. శాస్త్రజ్ఞులూ ఆర్థికవేత్తలూ కలిసి చేయుచున్నది, సరిగా చూస్తే, ఆ హాజరుపట్టీ పిలుచుటయే. సముద్రము మనకు ఏమేమి చేయుచున్నదో వరుసగా పేర్లు పెట్టి పిలుచుట. చేప, రొయ్య, ఉప్పు అందరికీ కనిపించేవి. మడ అడవి వేళ్ల మధ్య పిల్లచేపలు పెరుగుట, గాలివాన అలను చెట్లు ఆపుట, ఏటి మురుగును బురద వడగట్టుట, గాలిలోని బొగ్గుపులుసు వాయువును నీరు పీల్చుకొనుట, ఇవి కనిపించనివి. ఎంత మడకు ఎన్ని పిల్లచేపలు, ఎంత వెడల్పు చెట్లకు అల ఎంత తగ్గును అని చెప్పవలసినది శాస్త్రజ్ఞుడు. ఆ చెట్లు లేనియెడల గోడ కట్టుటకు ఎంత అగును, ఎన్ని ఇండ్లు పోవును, ఎందరి కూలి పోవును అని చెప్పవలసినది ఆర్థికవేత్త. మొదటివాడు లేక రెండవవాడు గాలిలో లెక్క వేయును. రెండవవాడు లేక మొదటివాని మాట కలెక్టరు ఆఫీసు మెట్లు కూడా ఎక్కదు.

ఇట్టి ప్రయత్నములలో పేరుపొందినది 1997లో జరిగినది. రాబర్ట్ కోస్టాంజా అను శాస్త్రజ్ఞుడును, మరి పన్నెండుమంది జీవశాస్త్రజ్ఞులు, ఆర్థికవేత్తలును కలిసి ‘నేచర్’ పత్రికలో ఒక వ్యాసము ప్రకటించారు. భూగోళములోని అడవులు, నదులు, సముద్రములు మానవులకు చేయు పదిహేడు రకముల సేవలకు సంవత్సరమునకు సుమారు 33 లక్షల కోట్ల డాలర్లు విలువ అని వారు లెక్క కట్టారు. వారి వ్యాసము ప్రకారము అప్పటి ప్రపంచ దేశములన్నిటి ఉత్పత్తి కలిపినను సుమారు 18 లక్షల కోట్ల డాలర్లే. వారి లెక్కలో సుమారు మూడింట రెండు వంతులు సముద్రము నుండియే, అందులోను ఎక్కువ భాగము తీరప్రాంతము నుండియే వచ్చినది. ఆ వ్యాసమును మెచ్చుకొన్నవారు ఉన్నారు, ఎగతాళి చేసినవారును ఉన్నారు. సముద్రము లేకపోతే మనిషియే లేడు గదా, అంతులేని దానికి ఇది చాలా తక్కువ అంచనా అని మైకేల్ టోమన్ అను ఆర్థికవేత్త పరిహాసముగా విమర్శించాడు. ఆ మాటలో నిజమున్నది. సముద్రమంతటికీ వెల కట్టుట వలన ప్రయోజనము తక్కువ. ఎవరు కొంటారు, ఎవరు అమ్ముతారు? మన పనికి వచ్చునది చిన్న లెక్క: ఈ ఊరి దగ్గరి ఈ మడను కొట్టివేస్తే ఎవరికి ఎంత నష్టము?

అట్టి చిన్న లెక్కలు మన దేశములోనే జరిగినవి. 1999 అక్టోబరు 29న ఒరిస్సా తీరమును మహా తుఫాను కొట్టినది. సుమారు పదివేలమంది చనిపోయారు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు నేను కుర్రవాడను. శవములను ట్రాక్టర్లలో తీసుకొనిపోయిరని పెద్దలు చెప్పుకొనుట విన్నాను గనుక ఒరిస్సా వార్త వినగానే నా కడుపులో చెయ్యి పెట్టి తిప్పినట్లయినది. ఆ తుఫాను తరువాత డెహ్రాడూన్ లోని వన్యప్రాణి సంస్థకు చెందిన రుచి బడోలా, హుస్సేన్ అనువారు భితర్‌కనిక ప్రాంతములో మూడు గ్రామములను పోల్చి చూశారు. 2005లో వారు ప్రకటించిన ప్రకారము, మడ అడవి అడ్డమున్న గ్రామములో కుటుంబమునకు సగటు నష్టము 33 డాలర్లు. మడ గాని కరకట్ట గాని లేని గ్రామములో 44 డాలర్లు. మడ లేకుండ కరకట్ట మాత్రమే ఉన్న గ్రామములో 154 డాలర్లు! కరకట్ట దాటి వచ్చిన ఉప్పునీరు తిరిగి పోలేక పొలములలోనే నిలిచినది. డబ్బు పెట్టి కట్టిన దానికంటె ఎవరూ కట్టని చెట్టు మేలు చేసినది.

ఆ తరువాత ఢిల్లీలోని సౌదామిని దాస్ అను ఆర్థికవేత్త, జెఫ్రీ విన్సెంట్ అను అమెరికా పండితునితో కలిసి కేంద్రపడా జిల్లాలో నాలుగు వందలకు పైగా గ్రామముల వివరములు సేకరించారు. సముద్రమునకు ఊరు ఎంత దూరము, నేల ఎత్తు ఎంత, ఇండ్లు ఎట్టివి అను వాటినన్నిటిని లెక్కలోనికి తీసుకొని చూడగా, మడ అడవి వెడల్పుగా ఉన్నచోట మరణములు తక్కువ అని తేలినది. 2009లో ఈ పరిశోధన వెలువడినది. అందులో నాకు నచ్చిన సంగతి ఇంకొకటి ఉన్నది. చెట్లకంటె ప్రభుత్వము ముందుగా చేసిన హెచ్చరికయే ఎక్కువ ప్రాణములు కాపాడినదని వారే వ్రాశారు. తమ వాదమునకు బలము తగ్గినను నిజము దాచలేదు. అయినను ఆ మడను నిలుపుకొనుట డబ్బు లెక్కలో కూడ న్యాయమేనని తేల్చారు.

ఇక మన తీరము సంగతి. గాంధేయవాదియైన ఎస్. జగన్నాథన్ గారు, ఆయన భార్య కృష్ణమ్మాళ్ గారు తమిళనాడు తీరములో భూమిలేని పేదల కొరకు జీవితమంతయు పనిచేసినవారు. రొయ్యల గుంటల వలన పల్లెల నేల, నీరు పాడగుట చూచి జగన్నాథన్ గారు 1994లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. కోర్టువారు నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ, అనగా ‘నీరి’ని, ఆంధ్ర, తమిళనాడు తీరములకు పంపి విచారించమన్నారు. ఆ శాస్త్రజ్ఞులు నీళ్లు, మట్టి పరీక్షించి ఊరుకొనలేదు. పోయిన పంట, పోయిన చేప, పోయిన కూలి, పాడైన త్రాగునీరు అన్నిటిని రూపాయలలో కట్టి, రొయ్యల వలన వచ్చు ఆదాయము ప్రక్కన పెట్టారు. తమిళనాడులో నష్టము ఆదాయమునకు ఒకటిన్నర రెట్లు, ఆంధ్రలో నాలుగు రెట్లు అని తేల్చారు.

ఆ సంగతి పత్రికలో చదివిన రోజున నేను బడి స్టాఫ్ రూములో కూర్చుని ఉన్నాను. నేను లాంతరు దగ్గర వేసిన లెక్కయే అది. వారు వేసిన దానిలో మా అమ్మ బావి ఉన్నది. భేదము అంతే.

1996 డిసెంబరు 11న న్యాయమూర్తులు కుల్దీప్ సింగ్, సగీర్ అహ్మద్ గార్లు తీర్పు చెప్పారు. తీరప్రాంత నియమముల పరిధిలోను, పులికాట్, చిల్కా సరస్సుల చుట్టు వెయ్యి మీటర్లలోను ఉన్న గుంటలను తొలగించవలెననియు, సంప్రదాయ పద్ధతిలో పెంచువారిని విడిచిపెట్టవలెననియు, నష్టపోయినవారికి పరిహారము ఇవ్వవలెననియు ఆజ్ఞాపించారు. రొయ్యల పరిశ్రమవారు నీరి అంకెలను ఒప్పుకొనలేదు. తీర్పు పూర్తిగా అమలు కాలేదు. 2005లో పార్లమెంటు తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టము చేసి, రిజిస్ట్రేషను, నియమములు ఏర్పరచినది. అయినను ఒక సంగతి మారినది. కూలివాని కష్టము, ఊరి బావి ఒక పెద్ద కోర్టులో లెక్కకు హాజరైనవి. ఎన్ని ఉపన్యాసములు చేసినను రాని ఫలితము ఆ అంకెల వలన వచ్చినది.

ఇంతవరకు చదివినవారు, మాస్టారు వెల కట్టుటయే మంచిదనుచున్నారని అనుకొందురేమో. తొందరపడవద్దు. ఆ పెద్దామె మాటలో ఉన్న భయము వట్టిది కాదు. మూడు అభ్యంతరములు నాకు బలముగా కనిపించుచున్నవి.

మొదటిది, వెల కట్టినది అంగడికి పోవును. ఎకరము మడకు ఇంత అని చీటీ అంటిస్తే, ఆ ఇంత పారవేసి నరుక్కుపోవుటకు ధనవంతుడు సిద్ధముగా ఉండును. “డబ్బు కట్టాను గదా” అనును. జరిమానా కాస్తా టిక్కెట్టు అగును. బడిలో ఆలస్యముగా వచ్చిన పిల్లలకు రూపాయి జరిమానా పెట్టిన ఏడు నేను చూశాను. సిగ్గుపడి పరుగెత్తుకొని వచ్చే పిల్లలు రూపాయి తెచ్చుకొని నెమ్మదిగా నడిచి వచ్చుట మొదలుపెట్టారు.

రెండవది, రూపాయి కొలతలో పేదవాడు తేలికగా తూగును. ఒకచోట సముద్రపు ఒడ్డున పెద్ద హోటలు, మరొకచోట యాభై పట్టపు గుడిసెలు ఉన్నవనుకొనుడి. అల వస్తే పోవు ఆస్తిని లెక్కించిన యెడల హోటలు ముందున్న చెట్లకే ఎక్కువ విలువ వచ్చును. గుడిసెలో ఉన్నవి నాలుగు గిన్నెలు, ఒక వల. అందుకే సౌదామిని దాస్ గారు ఇండ్ల వెల మాత్రమే కాక చనిపోయినవారిని లెక్కించుట నాకు మేలుగా తోచినది. ప్రాణము దగ్గర హోటలువాడును వలవాడును ఒక్కొక్కరే.

మూడవది, వడ్డీ లెక్క. రేపటి లాభమును నేటి విలువలోనికి మార్చుటకు ఆర్థికవేత్తలు వడ్డీని వెనుకకు లెక్కిస్తారు. నూటికి పది చొప్పున చూస్తే, ఏబది ఏండ్ల తరువాత వచ్చు లక్ష రూపాయలు ఈనాడు 852 రూపాయలే! బ్యాంకులో అది సరియే. కాని ఏబది ఏండ్ల తరువాత ఆ నీళ్లు త్రాగవలసినవాడు నా మనుమని కొడుకు. వాడు లక్ష వంతులలో ఎనిమిది వందల ఏబది రెండు వంతుల మనిషి మాత్రమే అని ఏ తాత ఒప్పుకొనును? ఈ రేటు ఎంత ఉండవలెనన్నది గణితము చెప్పదు. రేపటివారిని మనము ఎట్లు చూచుచున్నామన్నదే చెప్పవలెను.

ఈ మూడును నిజమే. అయితే వెల కట్టుట మానివేస్తే ఏమగును? నా పల్లెలో ఎవరూ మడకు వెల కట్టలేదు. అందరూ అది దేవుడిచ్చినదనే అనుకొన్నారు. అయినను అది పోయినది. వెల లేనిదని గౌరవముతో అన్న మాట, లెక్క దగ్గరకు వచ్చేసరికి వెల సున్న అయినది. పుస్తెలు అమ్మియైనా పులస తినవలెనని గోదావరివారు అంటారు. ఒక్క పులసకు వేలం పాటలో వేల రూపాయలు పలుకుచున్నవి. ఆ పులస సముద్రము నుండి ఎదురెక్కి వచ్చే నదికి, ఆ నది కలిసే మొగకు ఏ పాటలోను ఒక్క రూపాయి పలకలేదు. చేపకు వెల, నీటికి సున్న. ఇది వినయము కాదు, మరుపు.

మన భాషలో రెండు మాటలున్నవి: వెల, విలువ. వెల అంగడిలో పలుకునది. విలువ, అమ్మినను అమ్మకపోయినను ఉండునది. తల్లికి విలువ ఉన్నది, వెల లేదు. అయినను తల్లికి జబ్బు చేసినప్పుడు మందుల ఖర్చు లెక్క వేస్తాము. ఆ లెక్క తల్లి వెల కాదు, మన బాధ్యత ఎంతో తెలుసుకొనుటకు వేసినది. సముద్రము విషయములో పండితులు వేయు లెక్కను నేను ఈ విధముగా చూడగోరుచున్నాను. లెక్క సాక్షి కావలెను గాని న్యాయాధిపతి కాకూడదు. సాక్షి లేనిదే పేదవానికి న్యాయము దొరకదు. అయితే సాక్షినే పీఠము మీద కూర్చుండబెట్టిన యెడల ఎక్కువ రూపాయలు చూపినవాడే గెలుచును.

ఇందుకు మూడు కట్టుబాట్లు ఉండవలెనని నా మనవి. మొదటిది, నష్టపోవువారు ఆ లెక్క దగ్గర కూర్చుండవలెను. పీతలు ఏరుకొనే స్త్రీని అడగకుండ ఏటికి వెల కట్టరాదు. ఆమెకు తెలిసిన సంగతి శాస్త్రజ్ఞునికి తెలియదు. రెండవది, మరల రానిదానిని పరిహారముతో సరిపెట్టరాదు. కూలిన గోడ కట్టవచ్చును, ఉప్పెక్కిన ఊటకు చెక్కు వ్రాసి ఇచ్చినను అది తియ్యనగునా? మూడవది, కొలువలేనిదానికి గడి ఉంచి ‘హాజరు కాలేదు’ అని వ్రాయవలెను. సున్న వేయరాదు. 2021లో ఐక్యరాజ్యసమితివారు దేశములు తమ అడవులు, తీరముల స్థితిని కూడ జాతీయ లెక్కలలో వ్రాసుకొనుటకు ఒక పద్ధతిని అంగీకరించారు. అందులో రూపాయలతో పాటు విస్తీర్ణము, ఆరోగ్యస్థితి వేరుగా వ్రాయుటకు చోటున్నది. ఇది మంచి మార్గమని తోచుచున్నది.

కొలువలేనిదానిని గురించి మన బాప్టిస్టు చరిత్రలోనే ఒక సంగతి ఉన్నది. 1876-78 కరవులో ఒంగోలులోని జాన్ క్లౌ దొరగారు ఆకలితో వచ్చినవారికి పని చూపుటకు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్లు త్రవ్వించే కాంట్రాక్టు తీసుకొన్నారు. మన ముత్తాతలు ఎందరో ఆ కూలితో బ్రతికారు. అప్పటి లెక్క పుస్తకములో ఆ కాలువ విలువ కూలి డబ్బులు, పడవల రవాణా మాత్రమే. 2004 డిసెంబరు 26, ఆదివారము, క్రిస్మస్ మరునాడు సునామీ వచ్చినది. ఇక్కడ మనము ఆరాధన ముగించుకొని బయటికి వచ్చేసరికి నాగపట్నము వార్తలు వచ్చుచున్నవి. ఆంధ్ర తీరములో సముద్రమునకు సమాంతరముగా పోవు ఆ కాలువ అల నీటిని తనలో నింపుకొని వెనుకనున్న పల్లెలను కాచినదని 2005లో ‘కరెంట్ సైన్స్’ పత్రికలో ఒక శాస్త్రజ్ఞుడు వ్రాశారు. నూట పాతిక సంవత్సరములకు పైగా ఆ గడి ఖాళీగా ఉన్నది. సున్న వేసి పూడ్చివేసియుంటే ఏమయ్యేది?

సునామీ తరువాత చెట్ల విషయములోను శాస్త్రజ్ఞులు వాదించుకొన్నారు. కడలూరు తీరములో చెట్లున్నచోట నష్టము తగ్గినదని కొందరు, నేల ఎత్తు, దూరము వలన తగ్గినదని మరికొందరు అన్నారు. ఇట్టి వాదము మంచిదే. సాక్షిని అడ్డుప్రశ్నలు వేయకుండ నమ్మరాదు గదా.

ధర్మపురిలో ఉన్న మనకు సముద్రముతో ఏమి పని అని కొందరు అడుగవచ్చును. హొగెనక్కల్‌లో దూకే కావేరి మెట్టూరు దాటి, కొల్లిడము పాయగా పిచ్చావరము మడ అడవుల దగ్గర సముద్రములో కలియుచున్నది. ఇక్కడ మనము ఏటిలో వేసినది అక్కడికి చేరును. ఇంకొక సంగతి. ఈ జిల్లా బోరు నీటిలో ఫ్లోరైడు ఎక్కువ. పసుపుపచ్చ మరకల పండ్లు కనబడకుండ పెదవులు మూసుకొని నవ్వే పిల్లలకు నేను పాఠము చెప్పాను. 2013లో హొగెనక్కల్ త్రాగునీటి పథకము ప్రారంభమైనది. అంతవరకు మంచి నీటికి మనము కట్టిన వెల ఎంత? ఆ పిల్లల పండ్లలో వ్రాసియున్నది.

చివరిగా మనసులోని మాట. మనము వలస వచ్చినవారము. మనలో చాలామందికి ఊరిలో ఎకరమో, అర ఎకరమో మిగిలియున్నది. గుంటలకు ఇద్దామా, ఫ్యాక్టరీకి ఇద్దామా అని అక్కడివారు ఫోనులో అడుగుచున్నారు. రొయ్యలు పెంచువారు పాపులని నేను అనుట లేదు. మన బంధువులే అనేకులు ఆ పని మీద బ్రతుకుచున్నారు. 2025 ఆగస్టులో అమెరికావారు సుంకము పెంచినప్పుడు వారి ఇండ్లలో నిద్ర లేదు. నియమము ప్రకారము, నీళ్లు శుభ్రము చేసి వదలువారు ఉన్నారు. అయితే దూరముగా ఉండి సంతకము చేయు మనకు అక్కడి బావి కనబడదు. మనము ఆ నీళ్లు త్రాగము. కనుక మన మీదనే ఎక్కువ భారము ఉన్నది.

నా తరువాతి మాటు ఆ కుర్రవాడు కనబడితే ఇట్లు చెబుతాను: “బాబూ, లెక్క వెయ్యి. బాగా వెయ్యి. నీ కామర్సు అందుకే. కాని క్రింద రెండు గీతలు గీసే ముందు, వసారాలో పడుకొన్న ముసలామెను ఒక్కసారి అడుగు. నీ కాగితములో లేనిది ఏదో ఆమెకు తెలుసు.”

మా ఊరి బావి ఇంకను ఉన్నది. క్రిందటి సారి వెళ్లినప్పుడు ఒక చేద తోడి నోట పోసుకొన్నాను. ఉప్పగానే ఉన్నది.

మీ సహోదరుడు,
ఒక సంఘ పెద్ద, ధర్మపురి